శూన్యగృహచిత్రణము: అభావవ్యంజనవిచారము

మనుష్యాకృతి లేని చిత్రమున రసమున్నదా, లేదా? కుర్చి, చెప్పులు, కడవ, మంచము మున్నగు గృహోపకరణములను మాత్రమే వ్రాసి, వానిని వాడినవారు నేఁ డచ్చట లేరని చూపఱులకుఁ దోఁపించుట చిత్రకారునకు సాధ్యమగునా? సాధ్యమేని యా తోఁచుట యే వ్యాపారముచేతఁ గలుగుచున్నది? ఈ ప్రశ్నలు నాకుఁ బుస్తకములలోఁ దటస్థించినవి కావు. హైదరాబాదునకుఁ బడమట, మొయినాబాదునకును జేవెళ్లకును నడుమనున్న యొక పల్లెలో, మా యక్కగారి యింటఁ దటస్థించినవి.

ఆమె కాలధర్మము నొంది రెండేండ్లయినది. పిల్లలందఱును బట్టణమునఁ గాపురముండుటచే నా యింటిని విక్రయింప నిశ్చయించిరి. హైదరాబాదులోఁ జిత్రకళ నభ్యసించుచున్న యామె కనిష్ఠపుత్త్రుఁడు, ఇల్లు పరాధీనము గాకమున్ను, పదునైదు దినము లందుండి నాలుగు తైలచిత్రములు వ్రాసి, నాకుఁ జూపి యభిప్రాయ మడిగెను. మొదటిది వంటయింటి మూల: ఇసుర్రాయి, చేయి తగిలి తగిలి నునుపెక్కిన దాని కఱ్ఱపిడి, ప్రక్కఁ గూర్చుండుటకు వేసిన పీఁట. రెండవది నులకమంచము: నడుమ దిగఁబడిన నులక, తలాపిదిక్కున మడిచిపెట్టిన గొంగడి. మూఁడవది చింతపండుతోఁ దోమి వరుసగా నిలిపిన యిత్తడిబిందెలు. నాలుగవది సావిడి: ఖాళీకుర్చి, దాని వెనుక గోడకుఁ బూలమాల వేసిన యామె ఛాయాపటము.

నే నా నాలుగింటిని జూచి, యిది చిత్రము గాదు, సామానుల పట్టీయని కఠినముగాఁ బలికితిని. వాఁడు నొచ్చుకొని, “మామా, నేను సామాను గీయలే, అమ్మ లేదన్నది గీసిన” అనెను. లేనిదానిని గీయుట యెట్లని నే నడిగితిని. వాఁడు మాఱాడక పటములను గట్టుకొని పోయెను. ఆనాఁ డన్న మాటను నేఁ డుపసంహరించుకొనుచున్నాను. అందులకు శాస్త్రమునుండియే హేతువులు చూపవలసియున్నది. ఏలయన నాఁడు నేను శాస్త్రముపేరనే వానిని నోరెత్తనీయనైతిని.

పూర్వపక్షము రెండు విధములు. మొదటిది: విభావానుభావవ్యభిచారిభావముల కలయికవలన రసము పుట్టునని భరతముని సంప్రదాయము. ఈ చిత్రములం దాలంబనమగు వ్యక్తి లేదు. కన్నీరు, నిట్టూర్పు మొదలగు ననుభావములు లేవు. ఉద్దీపనములు మాత్రమే మిగిలినవి. రాజు లేని పరివారమువంటి యీ యుద్దీపనములు రసము నెట్లు పుట్టించును? రెండవది: కుంచెకు విషయము రూపమును వర్ణమును. అభావమునకు రూపమును లేదు, వర్ణమును లేదు. కావున నభావమును జిత్రించితిననుట వంధ్యాపుత్త్రుని జాతకమును గణించితి ననుటవంటిది.

రెండవ యాక్షేపమును ముందు విచారింతము. అభావము వట్టి శూన్యమని లోకమున సామాన్యముగాఁ దలంతురు. శాస్త్రజ్ఞు లట్లు తలంపలేదు. మన యాంధ్రుఁడైన అన్నంభట్టు తర్కసంగ్రహమున సప్తపదార్థములను బరిగణించుచు ద్రవ్యగుణాదులతోఁబాటు అభావమును నేడవదిగా లెక్కించెను. నైయాయికులు నేలపైఁ గుండ లేకుండుటను గన్నులతోనే తెలిసికొందు మనిరి. భాట్టమీమాంసకులు దానికి ననుపలబ్ధి యను ప్రత్యేకప్రమాణము నంగీకరించిరి. మార్గములు వేఱైనను, అభావము తెలియఁదగినదే యనుట యుభయసమ్మతము. ఒక నియమమునుగూడ వారు చేసిరి. ఉన్నయెడల నవశ్యము కనఁబడవలసినది కనఁబడనప్పుడే దాని యభావము తెలియును. చీఁకటింటఁ గుండ కనఁబడలేదని కుండ లేదనరాదు. వెలుఁగున్న యింటఁ గనఁబడనిచోఁ గుండ లేదనుట నిశ్చయము. దీనినే యోగ్యానుపలబ్ధి యందురు. మఱియు నభావమునకుఁ బ్రతియోగి, అధికరణము అని రెండు కావలెను: ఏది లేదో యది ప్రతియోగి, ఎచట లేదో యది యధికరణము. ఈ రెండును స్ఫురింపనిదే యభావజ్ఞానము కలుగదు.

ఇఁక వ్యాకరణమునకు వత్తము. పాణిని ప్రథమాధ్యాయ ప్రథమపాదముననే, ఉండవలసినది కనఁబడకుండుటకు లోపమని సంజ్ఞ చేసెను. మొదలే లేనిదానికి లోపము లేదు. రావలసియుండి కనఁబడనిదానికే లోపము. అంతటితో నాగక, ప్రత్యయము లోపించినను నా ప్రత్యయమును బట్టి కలుగవలసిన కార్యము కలుగుననియు విధించెను. అగ్నిచిత్ అను పదమును జూడుఁడు. అందు క్విప్ ప్రత్యయ మొక్కవర్ణమైనను మిగులక నశించినది. కాని దాని నిమిత్తమున వచ్చిన తకారము పదాంతమున నిలిచియే యున్నది. ఆ తకారమును జూచి, ఇచ్చట నొకఁడు వచ్చి పోయినాఁడని వైయాకరణుఁడు తెలిసికొనును. దీనికి ప్రతిగా మఱియొక యదర్శనము గలదు, దానిపేరు లుక్కు. గార్గ్యశబ్దమునకు బహువచనమున గర్గాః అని యగును. అచ్చటఁ బ్రత్యయము పోవుటయే గాక దానివలనఁ గలిగిన యాదివృద్ధియు మిగులలేదు. పోయినవాఁడు తన గుఱుతులను గూడఁ దీసికొనిపోయెనన్నమాట.

చిత్రవిమర్శకు నీ భేద మత్యంతోపకారి యని నా నమ్మకము. మనుష్యుఁడు లోపించియు నాతని కార్యము నిలిచియున్న వస్తువు లోపస్థానము. మనుష్యునితోఁబాటు గుఱుతులన్నియుఁ బోయిన వస్తువు లుక్‌స్థానము. దిగఁబడిన నులక యగ్నిచిత్తునందలి తకారము. తోమి నిలిపిన బిందె గర్గశబ్దము. రెంటను మనుష్యుఁడు లేఁడు. కాని మొదటిదే మనుష్యుఁడు లేఁడని చెప్పును, రెండవది బిందె యున్నదని మాత్రమే చెప్పును. కాఁబట్టి చిత్రకారుఁ డభావమునకు రూపము వ్రాయఁబనిలేదు. అధికరణమును, దానిపై నిలిచిన కార్యమును వ్రాసినఁ జాలును. ప్రతియోగి చూపఱి బుద్ధియందుఁ దానే స్ఫురించును. ఆ స్ఫురణ వాచ్యమును గాదు, లక్ష్యమును గాదు. ఆనందవర్ధనుఁడు తొమ్మిదవ శతాబ్దిలో నిరూపించిన వ్యంజనావ్యాపారమే. దీనితో రెండవ యాక్షేపము పరిహృతమైనది.

మొదటి యాక్షేపమునకుఁ బ్రాచీనకవులే సమాధానము చెప్పియున్నారు. కాళిదాసు రఘువంశమునఁ బదునాఱవసర్గమున నయోధ్యాధిదేవత కుశునికి విడువఁబడిన నగరమును వర్ణించును. స్త్రీల కరతాడనమున మ్రోఁగిన దిగ్గియలనీరు నేఁ డడవిదున్నల కొమ్ములచే మొఱపెట్టుచున్నదని చెప్పును. అందు స్త్రీ యొకతెయైనఁ గనఁబడదు. కరుణమా యనఁగాఁ గావలసినంత గలదు. శాకుంతలమున నాఱవయంకమున దుష్యంతుఁడు తాను వ్రాసిన శకుంతల పటమునందు నింకను వ్రాయవలసినవానిని జెప్పుచు, నారచీరలు వ్రేలాడు చెట్టును బేర్కొనును. ఆశ్రమవాసులను వ్రాయుదునని చెప్పక, వారు కట్టివిడిచిన చీరలను వ్రాయఁగోరుట గమనింపఁదగినది. రామాయణమున నందిగ్రామమునందు సింహాసనమెక్కినవి పాదుకలు. కావున నుద్దీపనము లాలంబనమునకుఁ బరివారమాత్రములు కావు. ఆలంబనము కనఁబడనిచో దానిని స్మృతికిఁ దెచ్చుటయుఁ గూడ వానిపనియే. విష్ణుధర్మోత్తరమునందలి చిత్రసూత్రము, నిద్రించువానిఁ జైతన్యముతోడను మృతునిఁ జైతన్యరహితునిగాను వ్రాయఁగలవాఁడే చిత్రవేత్త యనుచున్నది. చైతన్యము కంటికిఁ గనఁబడునది గాదు. కనఁబడనిదాని యునికిని లేమిని వేఱుపఱచి చూపుటయే నేర్పునకు గీటురాయి యని దాని తాత్పర్యము.

మన దేశమునందే శిల్పమున నీపద్ధతి రెండువేలయేండ్ల క్రిందటనే పరిపాకము నొందినది. అమరావతి మహాచైత్యపు శిల్పములందుఁ బెక్కుచోట్ల బుద్ధునికి మాఱుగా ఖాళీపీఠము, దానిపై దిండు, క్రింద పాదముద్రలు, వెనుక బోధివృక్షము చెక్కఁబడియున్నవి. చెన్నపురి మ్యూజియమునందున్న ప్రసిద్ధమైన వర్తులఫలకమున దేవతలు నాట్యమాడుచు బుద్ధుని భిక్షాపాత్ర నెత్తుకొని పోవుచున్నారు. పాత్ర యన్న నన్నము తినుగిన్నె. గృహోపకరణములలో నింతకంటె సామాన్యమైనది లేదు. 1797లో కర్నల్ మెకంజీ మొదటిసారి చూచిన నాఁటనుండి యీ శిల్పములు కొన్ని చెన్నపురికిని, కొన్ని లండను బ్రిటిషు మ్యూజియమునకును జేరినవి. బుద్ధుని రూపమునకు మాఱుగా శిల్పు లీ చిహ్నములను జెక్కిరని ఫూషే మున్నగువారు తలంచిరి. 1990లో సూసన్ హంటింగ్‌టన్ దీనిని బ్రతిఘటించి, యీ ఫలకములు పెక్కు బుద్ధుని జీవితఘట్టములు గావనియు, నాతని యనంతరము భక్తు లాయా స్థలములను బూజించుటయే యందుఁ జెక్కఁబడినదనియు వాదించెను. విద్యా దహేజియా ఒకే చిహ్న మనేకార్థముల నీయవచ్చునని సమాధానము చెప్పెను. ఆ వివాదమును దీర్చుట యీ వ్యాసమునకుఁ బని గాదు. కాని యొక్కటి చెప్పవచ్చును. అదే చైత్యమున బుద్ధుని మూర్తులుగల ఫలకములును గలవు. మూర్తి చెక్కనేర్చినవారే ఖాళీపీఠమునుగూడఁ జెక్కిరి. చేతగామిచే విడిచినది గాదు, తెలిసి విడిచినది. విడువఁబడినదానివలనఁ గలుగు నర్థము వారి కవసరమైనదని యూహింపవలెను.

పాశ్చాత్యులలో నీమార్గమునకుఁ బ్రసిద్ధోదాహరణములు వాన్‌గో వ్రాసిన రెండు కుర్చీలు. 1888వ సంవత్సరమున ఫ్రాన్సుదేశమున ఆర్ల్ పట్టణమందుఁ దనయింటికిఁ జిత్రకారుఁడైన గోగాఁ వచ్చియుండఁగా నాతఁడు వీనిని వ్రాసెను. తన కుర్చి పగటివెలుఁగులో, జమ్ముతో నల్లిన సామాన్యపు కుర్చి. దానిపై చుట్టగొట్టము, పొగాకు. గోగాఁ కుర్చి రాత్రివేళ చేతులుగల కుర్చి. దానిపై వెలుఁగుచున్న క్రొవ్వొత్తి, రెండు పుస్తకములు. ఆ డిసెంబరుననే యిరువురకును గలహమై గోగాఁ వెడలిపోయెను. యోగ్యానుపలబ్ధి కింతకంటె మంచి నిదర్శనము దొరకదు. కుర్చి పటమధ్యమునఁ జూపఱి వంకకుఁ దిరిగియున్నది; వెలుఁగు దానిపైనే యున్నది; మనుష్యుఁడున్నచోఁ గనఁబడకపోఁడు; కనఁబడుటలేదు; కావున లేఁడు. డెన్మార్కుదేశీయుఁడైన హామర్‌షోయి (1864–1916) కోపెన్‌హాగెనులోఁ దాను గాపురమున్న యింటి గదులనే మరల మరల వ్రాసెను. 1900లో వ్రాసిన యొక పటమున మూసిన తలుపు, కిటికీనుండి వాలిన యెండ, ఆ యెండలో నాడు ధూళి తప్ప మఱియేమియు లేవు.

ప్రతియోగి యెవరో నిశ్చయించుటలో విమర్శకులకుఁ బ్రమాదము గలదనుటకును వాన్‌గోయే సాక్షి. ఆతఁడు వ్రాసిన పాతబూట్ల పటమును బట్టి జర్మను తత్త్వవేత్త హైడెగ్గరు, అవి పొలమునఁ గష్టపడు రైతుస్త్రీవని భావించి, యామె జీవితమునంతయు నందుఁ జూచెను. 1968లో మేయర్ షపీరో, అవి రైతుస్త్రీవి గావు, చిత్రకారుని స్వంతబూట్లేయని ఖండించెను. ఇరువురును గొప్ప పండితులే. కాని బూట్లరుగుదల నడచినవాఁ డొకఁడు గలఁడని మాత్రమే చెప్పును. వాని పేరు చెప్పదు. పేరు చెప్పవలె నని పట్టుపట్టుట చూపఱి దోషము గాని చిత్రదోషము గాదు.

మన తెలుఁగుచిత్రకారులలో నీవిషయమునకు సమీపించినవాఁడు సూర్యప్రకాశ్ (1940–2019). ఖమ్మముప్రాంతమున మధిరలోఁ బుట్టి, హైదరాబాదున జీవించిన యీతఁడు, 1960 తరువాతి దశకమునఁ బాడుపడిన మోటారువాహనముల తుక్కును జిత్రములకు విషయముగాఁ గైకొనెను. తుప్పుపట్టిన లోహము, విఱిగిన భాగములు. తోలినవాఁడు లేఁడు, ఎక్కినవాఁడు లేఁడు. మానవుఁడు చేసి, వాడి, పాఱవైచినదానియందు గౌరవింపఁదగిన రూపము గలదని తెలుఁగునాఁటఁ జూపినవారిలో నాతఁ డగ్రగణ్యుఁడు. అయినను నందు ధ్వని ప్రధానమని చెప్పఁజాలను. నాకన్నులకు వర్ణసంయోజనమే ముందుగాఁ దోఁచి, మానవాభావము దాని వెనుకఁ దోఁచును. ఆలంకారికులు దీనిని గుణీభూతవ్యంగ్య మందురు. అది తక్కువయని గాదు, మార్గము వేఱని.

ఇంతవఱకు స్థాపించినదానింబట్టి మేనల్లుని పటములను మరలఁ బరీక్షింతము. ఇసుర్రాయి పటము లోపస్థానము. పిడి నునుపు చేతికార్యము. పీఁటకును రాతికిని నడుమనున్న దూరము కూర్చున్నవారి మోఁకాళ్ల కొలఁత. ఆ దూరమును వాఁడు తప్పక పట్టెను. కూర్చుండి విసరువారికే తెలియు నా యెడమును బటమున నిలుపుట సామాన్యము గాదు. మంచపుబటము దానికంటె మేలు. నులక దిగఁబడినచోటు తూఁగినవారి బరువును, గొంగడి మడత వారి శుచిని దెలుపును. ఇవి రెండును బ్రధ్వంసాభావమును, అనఁగా నుండి నశించినదాని లేమిని, వ్యంజించుచున్నవి. కావునఁ గరుణమే కాని విప్రలంభము గాదు. నందిగ్రామపాదుకలయందుఁ బునరాగమనాశ గలదు. ఈ గొంగడియందది లేదు. అదే యింట నల్లి సిద్ధముగా నుంచిన క్రొత్త యుయ్యెల నెవరైన వ్రాసినచోఁ బుట్టఁబోవువారి ప్రాగభావము తోఁచి రసమే మాఱును. లేమి యొక్కటి గాదు. దాని భేదము లెఱుఁగక వ్రాయు చిత్రకారుఁడు, కాలభేద మెఱుఁగక క్రియను బ్రయోగించువానివంటివాఁడు.

బిందెలపటము లుక్‌స్థానము. తోముటచే వాడుకగుఱుతులన్నియుఁ బోయినవి. అమ్మకమునకు సిద్ధపఱచిన సామగ్రి యది. అట్టి బిందెలు కంచరియంగడిలోనైన నుండవచ్చును. వాఁడు మెఱుఁగును జక్కఁగా వ్రాసెను గాని, మెఱుఁగే తల్లి జాడను దుడిచివేసెను. సావిడిపటమునఁ గుర్చి మంచిదే, వెలుఁగు మంచిదే. పూలమాల వేసిన ఛాయాపటమే చెఱుపు. రసమును దాని పేరుతోనే చెప్పుట స్వశబ్దవాచ్యత్వదోష మని యాలంకారికులు నిషేధించిరి. పద్యమున ‘కరుణము కరుణము’ అని వ్రాసిన నెంతదోషమో, ఖాళీకుర్చిమీఁద మృతురాలి పటము వ్రేలఁగట్టుటయు నంత దోషము. కుర్చి వ్యంజించుచుండఁగాఁ బూలమాల కేకవేసి చెప్పుచున్నది. ఆ మేకును మాత్రముంచి పటమును దీసివేసినచో నీ చిత్రము నాలుగింటను శ్రేష్ఠమై యుండెడిదని నా యభిప్రాయము.

అట్లయిన రెండు మంచిపటములను జూచియు నే నాఁడు సామానుల పట్టీయని యేల యంటిని? దీనికి నుత్తరము చెప్పక తప్పదు. రసాస్వాదమునకుఁ గలుగు విఘ్నములను అభినవగుప్తుఁ డేడింటిని జెప్పెను. తన సుఖదుఃఖములకుఁ దాను వశుఁడైయుండుట వానిలో నొకటి. నాకుఁ బ్రతియోగి యొక వృద్ధస్త్రీ గాదు, మా యక్క. ఆ యిసుర్రాతిప్రక్కఁ గూర్చుండి నాకు శబ్దమంజరి వల్లెవేయించినది యామెయే. సాధారణీకరణము నాకుఁ గలుగలేదు, కలిగినది లౌకికశోకము. ఆ శోకమును భరింపలేక, శాస్త్రమును మఱుఁగు చేసికొని చిత్రమును నిందించితిని. తరువాత నొకనాఁడు మా యక్క నెఱుఁగని మిత్రుఁ డొకఁ డా మంచపుపటము జూచి, చాలసేపు నిలిచి, “ఎవరో పెద్దామె” అని మాత్ర మనెను. ఆతనికిఁ గలిగినదే రసము. నాకుఁ గలిగినది దుఃఖము. విమర్శకుఁ డీరెంటిని వేఱుచేసికొననిదే నోరు తెఱవరాదు.

ఒక్కమాటఁ జెప్పి ముగింతును. మొయినాబాదు చేవెళ్ల మార్గమున మఱ్ఱిచెట్ల నీడలో నేను బాల్యమునుండి నడచితిని. ఉస్మాన్‌సాగరు, హిమాయత్‌సాగరుల రక్షణకై 1996లో వెలువడిన 111వ ఉత్తరువు 84 గ్రామములందుఁ బెద్దకట్టడములను నియంత్రించినను, పొలములు చేతులు మాఱుట యాగలేదు. ఫారంహౌసులును రిసార్టులును వచ్చినవి. వాని పచ్చికబయళ్లలో రోళ్లు, ఇసుర్రాళ్లు, బండిచక్రములు కడిగి, రంగువేసి యలంకారమునకై నిలుపుచున్నారు. అందుఁ దప్పు పట్టుట లేదు. కాని యవి పూర్వజీవితమును స్మరింపఁజేయునని యనుకొనుట పొరపాటు. కడిగినతోడనే లోపము లుక్కగును. పల్లెనుండి పోయినవారి జాడ యా రాళ్లపై నుండదు. ఎవరైన నది పోకమున్ను చూచి వ్రాసియుంచిన నుండును. చిత్రకారుల కిది యవసరకార్యమని మనవి చేయుచున్నాను. అలంకారమునకై నిలిపిన రోటిని గాక, పిండియంటిన రోటిని వ్రాయవలెను.

మా యక్కగారి యిల్లు నేఁడు లేదు. ఇసుర్రాయి మా యింటనే యున్నది; తెచ్చిననాఁడే యెవరో కడిగిరి. ఇప్పుడది వట్టి రాయి. పిడినునుపు, పీఁట యెడము, ఆ మూలకు వచ్చు ప్రొద్దుటివెలుఁగు మేనల్లుని పటముననే నిలిచినవి. లేనిదానిని గీయుట యెట్లని యడిగితిని గదా. ఎట్లో వాఁడు గీసి చూపెను, నేను సూత్రములు వెదకి తెలిసికొంటిని. ఈ సంచికను వానికిఁ బంపుచున్నాను. ఇందలి గుణదోషములను విద్వాంసులు విచారింతురుగాక.